మహాదేవియక్క చరిత్రము

కన్నడదేశమున శివమొగ్గ మండలములో, శికారిపురమునకు చేరువగా ఉడుతడి యను గ్రామము కలదు. పన్నెండవ శతాబ్దము నడుమ ఆ గ్రామమున పుట్టి, చిన్నవయస్సుననే శ్రీశైలమున దేహము చాలించినదని ప్రసిద్ధికెక్కిన యొక స్త్రీని కన్నడిగులు నేటికిని మహాదేవియక్క యని పిలుచుచున్నారు. వయస్సును బట్టి చూచినచో ఆమె వారిలో అనేకులకు చెల్లెలో కూతురో కావలసినదే గాని అక్క కాదు. ఆమెను మొదట అక్కయని పిలిచినవారిలో ఆమె తండ్రి యీడువారును, తాత యీడువారును ఉండిరి. ఈ చిన్న పిలుపు ఆమె కెట్లు దక్కినదో, దానికై ఆమె యేమేమి విడువవలసివచ్చినదో చదువరులకు తెలుపవలెనని మేమీ చరిత్రము వ్రాయ బూనితిమి. గ్రంథములలోని మహిమలను వదలి, మనుష్యుల నడవడిని మాత్రమే యెత్తుకొనుచున్నాము. మహిమలు లేకున్నను ఈ కథకు లోటు రాదు.

తండ్రి నిర్మలుడు, తల్లి సుమతి యని చామరసుని ప్రభులింగలీల చెప్పుచున్నది. ఇరువురును శివభక్తులు. బాల్యముననే ఆ బిడ్డకు గురువువలన లింగదీక్ష కలిగెను. ఈ దీక్ష యన నేమో కొంచెము వివరింపవలయును, ఏలనగా తక్కిన కథయంతయు దీనిపై నిలిచియున్నది. ఆ కాలమున ఉపనయనము ద్విజులలో మగపిల్లలకే జరుగుచుండెను. ఆడపిల్లకు పెండ్లియే ఉపనయనమనియు, మగని సేవయే గురుకులవాసమనియు మనుస్మృతి విధించినది. అనగా స్త్రీకి దేవునియొద్దకు పోవు త్రోవ మగని గడప మీదుగా తప్ప వేరొకటి లేదన్నమాట. వీరశైవులు ఈ కట్టును తెంచిరి. మగపిల్లవానికి కట్టిన లింగమునే ఆడుపిల్లకును కట్టిరి. దానిని ఆమె మెడలో ధరించి, తన యరచేత నుంచుకొని, తానే పూజించుకొనును. నడుమ పూజారి లేడు, గుడి లేదు. ముట్టు, పురుడు మొదలయిన సూతకములు లింగధారికి లేవని వారు స్పష్టముగా చెప్పిరి. బసవేశ్వరుడు బాలుడై యుండగా, తన యక్క నాగమ్మకు లేని ఉపనయనము తనకును వలదని యిల్లు విడిచెనని యొక కథ కలదు. అది జరిగినను జరుగకున్నను, ఆ సమాజము తన్ను గూర్చి తాను చెప్పుకొనిన కథ అట్టిదగుట గమనింపదగినది.

అయినను ఆ బాలికకు లింగము కట్టిన గురువుగాని, కట్టించిన తలిదండ్రులుగాని, దాని ఫలము ఎంతదూరము పోవునో యెరిగియుందురని మేము తలంపము. దేవునితో సంబంధము నేరుగా నున్నప్పుడు మగనికి మిగిలిన యధికారమేమి యను ప్రశ్న దానిలోనే యిమిడియున్నది. చాలమంది స్త్రీలు ఆ ప్రశ్న నడుగకయే కాలము పుచ్చిరి. మహాదేవి అడిగినది.

ఆమె చక్కదనమును చూచి ఆ సీమ నేలు కౌశికుడను రాజు మోహించెను. అతడు భవి, అనగా లింగధారణము లేనివాడు. ఇచ్చటనుండి కథ రెండు త్రోవల నడచుచున్నది. ఆమెకు కొలది తరముల తరువాత నుండిన హరిహరకవి తన రగళెలో ఈ వివాహము జరిగినదనియే చెప్పెను. రాజు మంత్రులను పంపెను. తలిదండ్రులు భవికి పిల్ల నీయమనిరి. ఈయకున్న ప్రాణములు దక్కవని రాజు బెదరించెను. అప్పుడు మహాదేవి తలిదండ్రులను కాపాడుటకై సమ్మతించి, కొన్ని షరతులు పెట్టినది. తన యిష్టము వచ్చినట్లు లింగపూజ చేసికొందును, తన యిష్టము వచ్చినట్లు భక్తుల గోష్ఠిలో నుందును, తన యిష్టము వచ్చినట్లు గురువును సేవింతును, ఈ మాట మూడు మారులు తప్పువరకు ఓర్తును, అటుపిమ్మట నిలువను అని. రాజు మూడు మారులును తప్పెను. కడపటి తగవు ఆమె చీరను గూర్చి పుట్టినది. ఆమె ఆ చీరను అక్కడనే విడిచి, తలవెండ్రుకలు మేన కప్పుకొని, రాచనగరు వెడలిపోయెను.

పదునైదవ శతాబ్దమున విజయనగరమున ప్రౌఢదేవరాయల కాలమున నుండిన చామరసుడు ఇట్లు చెప్పలేదు. అతని కావ్యములో మహాదేవి కౌశికుని పెండ్లాడనేలేదు, కన్యగానే వెడలిపోయినది. ఈ కావ్యము తరువాత తెలుగులోనికిని తమిళములోనికిని వచ్చినది గనుక మన ప్రాంతములలో ఈ రెండవ కథకే వ్యాప్తి యెక్కువ. ఈ మార్పు ఊరక కలిగినది కాదని మా యభిప్రాయము. కన్య సన్న్యసించిన కథను గృహస్థులు కన్నీటితో వినగలరు. కట్టుకొన్న మగనిని మాట తప్పినాడని విడిచిపోయిన భార్య కథను వినుట వారికంత సులభము కాదు. మహాదేవి వచనములలో అత్తమామలు, మరదులు, కాపలా కాయు కనులు, ఇరుగుపొరుగుల గుసగుసలు మాటిమాటికి కనబడుచున్నవి. వాని కన్నిటికి తత్త్వార్థము చెప్పువారు చెప్పవచ్చును. కాని ఆ యుపమానములు ఏరినది అట్టి యింట మెలగిన కన్ను అని మాకు తోచుచున్నది. కావున మేము హరిహరుని కథనే నమ్ముచున్నాము.

వస్త్రత్యాగమును గూర్చి ఒక మాట. చిత్రకారులు పొడవైన కురులతో ఆమెను నిండుగ కప్పి చూపుదురు, వ్రాయువారు ఆ ఘట్టమును త్వరత్వరగా దాటిపోవుదురు. దాటిపోవలసిన సంగతి కాదది. ఆనాటి కన్నడదేశమున జైనము బలముగ నుండెను. దిగంబర జైనులు వస్త్రమును విడిచిన మునిని అందరికంటె మిన్నగా పూజించిరి. స్త్రీ వస్త్రమును విడువరాదు గనుక ఆ జన్మమున ఆమెకు మోక్షము లేదనియు సిద్ధాంతము చేసిరి. పురుషుని నగ్నత వైరాగ్యము, స్త్రీ నగ్నత సిగ్గుమాలినతనము. ఈ న్యాయము ఒక్క జైనులది మాత్రమే యనరాదు; శైవులు, వైష్ణవులు, వీథిని పోవు సామాన్యులు నందరును దానినే నమ్మిరి. మహాదేవి జైనులతో వాదము చేసినదని మే మనుట లేదు. కాని అట్టి దేశమున ఆమె నడచిన నడక తానే యొక వాదమైనది.

ఆమె పుట్టింటికి పోలేదు. మగనిని విడిచిన స్త్రీకి ఆ దినములలో తలదాచుకొన నున్న చోటు పుట్టిల్లొక్కటే. ఆ పుట్టింటినే రాజు ఒకమారు బెదరించియుండెను. హరిహరుడు ఆమెను ఉడుతడినుండి నేరుగా శ్రీశైలమునకు నడిపించును. తలిదండ్రులు అచ్చటికి వచ్చి మరలి రమ్మని బ్రతిమాలిరనియు, కౌశికుడు సయితము భక్తవేషమున వచ్చి వేడుకొనెననియు, ఆమె మరలలేదనియు అతడు వ్రాసెను. ఆమె ముందుగా కల్యాణపట్టణమునకు పోయి యచ్చటి శరణులను కలిసికొనిన వృత్తాంతము శూన్యసంపాదనమను గ్రంథమున విరివిగా నున్నది. ఉడుతడినుండి కల్యాణము నాలుగు వందల కిలోమీటర్లకు తక్కువ కాదు. నేడు బీదరు మండలములో బసవకల్యాణమని పిలువబడు ఊరే అది.

అప్పుడు కల్యాణమున కలచురి వంశీయుడగు బిజ్జలుడు రాజ్యము చేయుచుండెను. చాళుక్యుల సామంతుడై యుండి 1157 ప్రాంతమున తానే ప్రభువైన వాడితడు. అతనియొద్ద భాండారాధికారియై, పిమ్మట మంత్రియై యుండిన బసవేశ్వరుని చుట్టును శరణులు చేరియుండిరి. వారిలో చాకలి, మంగలి, పడవవాడు, తాళ్లు పేనువాడు, చెప్పులు కుట్టువాడు, బ్రాహ్మణుడు అందరును కలరు. స్త్రీలు వీరిని చూడ వచ్చినవారుగా గాక, వీరిలో మాటాడువారుగానే యుండిరి. ఆ కాలపు వచనకర్తలలో స్త్రీల పేరులు ముప్పదికి మించి నేటికిని నిలిచియున్నవి. రాట్నము వడకి బ్రతికిన రెమ్మవ్వ కలదు. వేశ్యావృత్తిలో నుండిన సంకవ్వ కలదు. ఆమె తన పేరునుండి ఆ వృత్తిని తొలగించుకొననే లేదు. బసవేశ్వరుని యక్క నాగమ్మ, భార్య నీలమ్మ కలరు. బసవేశ్వరుని వాకిట రాలిన బియ్యపు గింజల నేరి తెచ్చుకొని బ్రతికిన మారయ్య భార్య లక్కమ్మ కలదు. ఒకనాడు మారయ్య అవసరమున కెక్కువగా గింజలు తెచ్చెను. రేపటికి దాచుట మన కేలయని అతనిని నిలదీసి, ఎక్కడివక్కడ పోసి రమ్మని పంపినది లక్కమ్మయే. ఇది చిన్న కథ. కాని మగని ధర్మమును భార్య దిద్దుటయు, ఆ దిద్దుబాటును భక్తులు కొనియాడి వ్రాసికొనుటయు ఆ శతాబ్దమున ఎన్నిచోట్ల జరిగియుండునో చదువరులే యోచింపవలయును.

అట్టి సభకు మహాదేవి వచ్చినది. ఆమెను వారు వెంటనే లోనికి చేర్చుకొనిరా? లేదు. ముందు కిన్నర బొమ్మయ్య యను శరణుడు పట్టణ ద్వారముకడ ఆమెను శోధించెను. ఆ పిమ్మట సభాధ్యక్షుడైన అల్లమప్రభువు ప్రశ్నలు వేసెను. మొదటి ప్రశ్న ఆమె మగడెవ్వరని. మగని పేరు చెప్పిన కూర్చుండవచ్చును, లేకున్న వచ్చిన త్రోవను పోవచ్చును. తన మగడు చెన్నమల్లికార్జునుడని ఆమె బదులు చెప్పెను. ఆ మాట నోటిమాటయేనా యని అతడు మరల తరచెను. చీరను విడిచినదానవు వెండ్రుకలతో మేని నేల దాచుకొంటివి, దేహభావము పోలేదు గదా యని కడపటి బాణము వేసెను. లోపలి పండు పండక పై తొక్క యూడదనియు, మేనిని కప్పుకొన్నది తనకొరకు కాదు, చూచువారి మనస్సు నొవ్వకుండుటకనియు ఆమె భావము. అల్లముడు తృప్తుడయ్యెను. సభయంతయు ఆమెకు మ్రొక్కెను.

ఈ సంవాదమును భక్తులు తత్త్వమునకై చదువుదురు. మేము దానిలో వేరొకటి చూచుచున్నాము. ఆ సభకు వచ్చిన పురుషు డెవ్వడును నీ భార్య యెవరని గుమ్మముకడ నిలువబడి బదులు చెప్పవలసి రాలేదు. కులమును విడిచి వచ్చినవానిని కులమడుగమని ప్రతిన పూనిన సభ, మగనిని విడిచి వచ్చినదానిని మగడెవ్వరని యడుగక యుండలేకపోయినది. అల్లముని ప్రశ్న లోకము పక్షమున నడిగిన ప్రశ్నయే గాని అతని సొంత శంక కాదని సమర్థించువారు కలరు. కావచ్చును. లోకము అంతలోతున పాతుకొనియుండెనని యే మేమును చెప్పుచున్నాము. అయినను ఆ సభకు న్యాయము చేయవలయును. అడిగినవారు బదులు విన్నారు. విని తలవంచినారు. ఆ తలవంపే అక్క యను పిలుపు. చెన్నబసవేశ్వరుడు పెద్దల వచనములను తూచి చూచి, వా రనేకుల మాటలకంటె మహాదేవి మాట యొక్కటి బరువైనదని లెక్కగట్టెను.

మన దేశమున చుట్టరికము పుట్టుకచేతనో పెండ్లిచేతనో కలుగును. పురుషుని కీ రెండునుగాక ఊరు, వృత్తి, సభ, చదువు అను వేరు కట్టులు కొన్ని కలవు. స్త్రీకి లేవు. పెండ్లితో పుట్టింటి కట్టు సడలును, మగనిని విడిచినచో అత్తింటి కట్టు తెగును, అటుపై ఆమె యెవ్వరిదియు కాదు. శరణులు చేసిన పనులలో, సిద్ధాంతముల మాట యటుంచి, మాకు మిక్కిలి గొప్పదిగా కనబడునది ఇదియే. రక్తసంబంధము లేనివారు ఒకరి నొకరు అన్నయనియు, అక్కయనియు, అవ్వయనియు పిలుచుకొనిరి. బసవడు బసవన్న అయ్యెను, మహాదేవి అక్క అయ్యెను. ఆ పిలుపుల వెనుక అన్నము, నీడ, సభలో చోటు ఉండెను. ఒంటరియైన స్త్రీకి ఇది మాటమర్యాద కాదు, బ్రతుకుదెరువు.

మహాదేవి ఈ చుట్టరికమును తన వచనములలో కడు నేర్పుతో పొడిగించెను. కల్యాణమును విడిచి శ్రీశైలమునకు పోవునపుడు, ఆమె శరణులను పుట్టింటివారినిగను, మల్లికార్జునుని కొండను అత్తిల్లుగను భావించినది. పెండ్లియై పోవు పిల్ల తలిదండ్రులకు మాట రానీయనని ఒట్టుపెట్టుకొన్నట్లు వారియొద్ద సెలవు తీసికొన్నది. చదువరులు దీనిని కవితాచమత్కారముగా మాత్రము తీసికొనరాదు. మొదటి పెండ్లిలో ఆమెకు మంత్రులు వచ్చిరి, బెదరింపు వచ్చినది, షరతులు వచ్చినవి. ఈ రెండవ పయనములో ఆమె తానే పుట్టిల్లు నెంచుకొన్నది, తానే అత్తిల్లు నెంచుకొన్నది. మాటలు పాత యింటివే, వాని నుపయోగించు హక్కు మాత్రము క్రొత్తది. పుట్టిల్లని యెంచుకొన్నచోట ఆమె నిలిచిపోక యేల వెడలెనని మేము పలుమారు తలంచితిమి. పుట్టిల్లు ఎంత మంచిదైనను ఒకరి యిల్లే గదా. అచ్చట అల్లముని తీర్పు కావలసివచ్చినది. కొండమీద ఎవ్వరి తీర్పును అక్కరలేదు.

కల్యాణమునుండి శ్రీశైలమునకు మున్నూరు కిలోమీటర్ల త్రోవ. తరువాతి శతాబ్దమున మన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రము కడపట పర్వతప్రకరణమున ఈ కొండకు శివరాత్రికి పోవు యాత్రికుల గుంపులను వర్ణించెను. పాటలతో, ఆటలతో, ఒకరి నొకరు ఆదుకొనుచు వారు పోయెదరు. మహాదేవి పోయినపుడు ఆ గుంపులు లేవు. చెట్లను, పక్షులను, లేళ్లను నా ప్రభువును చూచితిరా యని యడుగుచు పోయినట్లు ఆమె వచనములవలన తెలియుచున్నది. శ్రీశైలమునకు చేరువనున్న కదళీవనమున ఆమె లింగైక్యము పొందెనందురు. కృష్ణాతీరమున ఆమె పేరిట గుహలు నేటికిని కలవు. పాతాళగంగనుండి జలాశయము మీదుగా పడవలపై జనులు అచ్చటికి పోవుచున్నారు.

ఆమె వెనుక కల్యాణము చిరకాలము నిలువలేదు. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునికి, బ్రాహ్మణుడగు మధువరసుని కూతురు నిచ్చి శరణులు పెండ్లి చేసిరనియు, బిజ్జలుడు ఆ తండ్రుల నిరువురిని క్రూరముగా చంపించెననియు వీరశైవ గ్రంథములు చెప్పుచున్నవి. అటుపై అల్లరులు లేచెను. 1167 ప్రాంతమున బిజ్జలుడు హతుడయ్యెను. బసవేశ్వరుడు కూడలసంగమమునకు పోయి దేహము విడిచెను. శరణులు నలుదిక్కులకు చెదరిరి. అన్ని కులములవారును ఒకచోట కూర్చుండి మాటాడినంత కాలము రాజు ఓర్చెను, స్త్రీలు వచనములు చెప్పినంత కాలము ఓర్చెను. ఒక పిల్లను గీత దాటించి ఇచ్చినపుడు మాత్రము ఓర్వలేకపోయెను. మతమును మార్చుకొనుటకంటె చుట్టరికమును మార్చుకొనుట కష్టమని ఆ రాజునకు తెలియును, ఆ శరణులకును తెలిసియే యుండును. చెదరిన వారు తరువాత మఠములు కట్టుకొనిరి. పీఠములపై పురుషులు కూర్చుండిరి. లింగధారణము స్త్రీలకు పోలేదు గాని, కల్యాణమున వినబడినన్ని స్త్రీకంఠములు మరల ఒక్కచోట వినబడలేదు.

తెలుగువారి సంగతి వేరు. సోమనాథుని బసవపురాణములో భక్తురాండ్ర కథలు పెక్కు కలవు. వానిలో బెజ్జమహాదేవి కథ మన కందరకును పరిచితము. శివునికి తల్లి లేదే యని కనికరించి, తానే తల్లియై ఆ దేవుని పసిబిడ్డగా చేసి, నలుగుపెట్టి, నీళ్లుపోసి, పాలు పట్టిన ముద్దరాలామె. ఇదియు చుట్టరికముచేతనే దేవుని చేరుట. ఆమెను మనవారు ఇంటింట ముద్దు చేసికొనిరి. పేరు ఒక్కటియే యైనను, ఉడుతడి మహాదేవిని మాత్రము మన కొండమీద గుహలో నుంచి వచ్చితిమి. తల్లియైన భక్తురాలు మనకు చనవుగా నుండును. మగనిని కాదన్న భక్తురాలు దూరముగా నున్నను మేలే యని మన తాతలు తలంచిరి కాబోలు.

ఆమె వచనములు సుమారు 430 నిలిచియున్నవి. మూడేసి పాదముల పద్యములతో యోగాంగత్రివిధి యను చిన్న గ్రంథమును ఆమెదే. తాటియాకులలో మూలపడియుండిన శరణుల వచనములను బిజాపురమునందలి ఫ.గు. హళకట్టిగారు ఇల్లిల్లు తిరిగి సేకరించి, 1923లో వచనశాస్త్రసారము మొదటి భాగమును ప్రకటించిరి. 1973లో రామానుజన్ గారు నలుగురు వచనకర్తల నింగ్లీషులోనికి తెచ్చినపుడు ఆ నలుగురిలో మహాదేవి యొకతె. 2003లో అదే బిజాపురమున స్త్రీలకై నెలకొల్పబడిన విశ్వవిద్యాలయమునకు ఇప్పుడు అక్కమహాదేవి పేరే పెట్టబడినది. 1993లో కర్ణాటక ప్రభుత్వము వచనముల నన్నిటిని 15 సంపుటములుగ అచ్చు వేయించినది. బసవేశ్వరునికి ఒక సంపుటము, అల్లమునికి ఒక సంపుటము కలవు. మహాదేవి వచనములు స్త్రీల సంపుటములో, రెమ్మవ్వ, లక్కమ్మ, సంకవ్వల వచనముల సరసను ఉన్నవి.